నల్ల గొర్రెలా, నెల్లూరు గొర్రెలా? చలికాలానికి ఏది మేలు

పాలమూరు, నల్లగొండ మెట్ట ఊళ్లలో కొత్తగా మంద కట్టాలనుకునేవాళ్లకు ఈ ప్రశ్న తప్పదు. 2017లో సబ్సిడీ గొర్రెల పథకం వచ్చింది. యూనిట్‌కు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. వాటిని పక్క రాష్ట్రాల నుంచి తెచ్చిచ్చారు. అప్పటినుంచి మన దక్కనీ నల్ల గొర్రె పక్కన పొడుగుకాళ్ల నెల్లూరు గొర్రె ఇంకా ఎక్కువగా కనబడుతోంది.

చూపుకు నెల్లూరుదే పైచేయి. దేశంలోకెల్లా ఎత్తైన గొర్రె జాతి అది. సంతలో బేరగాడు ముందు దాని నడుమే పట్టి చూస్తాడు. కొట్టం ఉండి, బోరు కింద పచ్చిమేత పెంచుకునే రైతుకు అది లాభమే, కాదనను. ఉన్ని ఉండదు కాబట్టి కత్తిరించే పనీ లేదు.

కానీ చలికాలం లెక్క వేరు. తొలకరికి పచ్చిగడ్డి మొలిచాక గొర్రెలు ఎదకొస్తాయి, చూడి ఐదు నెలలు. అంటే ఎక్కువ ఈతలు సరిగ్గా కార్తీకం, మార్గశిరం చలిలోనే. అప్పటికి మంద ఇంట్లో ఉండదు. కోసిన చేలల్లో ఎరువు కోసం రైతులు మంద పెట్టించుకుంటారు. పైన ఆకాశం, చుట్టూ ముళ్లకంప, అంతే. అలాంటి రాత్రి తెల్లవారుజామున నల్ల గొర్రె వీపు మీద చెయ్యి పెట్టండి. పైన మంచుకు తడి తగులుతుంది. వేళ్లతో బొచ్చు పాయ తీస్తే లోపల చర్మం పొడిగా, వెచ్చగా ఉంటుంది. నెల్లూరు గొర్రెకు ఉన్నది పొట్టి వెంట్రుకే, ఆ మంచు నేరుగా ఒంటికే. తిన్న మేతలో కొంత ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే పోతే పాలు తగ్గుతాయి, దెబ్బ పిల్లకు తగులుతుంది.

ఒక షరతు ఉంది. బొచ్చు దసరాలోపే కత్తిరించాలి. మార్గశిరంలో కత్తిరిస్తే నల్ల గొర్రె కూడా గజగజలాడుతుంది. ఇక ఆ ఉన్నికి ధర లేదన్న మాట నిజమే. కత్తిరింపు కూలి కూడా రాని ఊళ్లున్నాయి. నారాయణపేట వైపు గొంగళ్లు నేసే కుర్మోళ్లకు పని నిలిస్తేనే ఈ ఉన్నికి ధర వస్తుంది. అందుకే గొంగడి కొనే ప్రతి ఇల్లూ ఈ జాతికి మేలు చేస్తున్నట్టే అని నమ్ముతాను.

కొందరు మధ్యేమార్గంగా నల్ల గొర్రెల మీదికి నెల్లూరు పొట్టేలును వదులుతారు. ఆ పోతుపిల్లలు మాంసానికి బాగానే వస్తాయి. ఆడపిల్లల్ని మందలో ఉంచుకుంటేనే చిక్కు. రెండు మూడు తరాల్లో ఉన్ని పోతుంది, మళ్లీ తేలేం.

నీలినాలుక రోగానికి మాత్రం రెండు జాతులూ లోకువే. వానలు వెనకబట్టాక ముసిరే సన్నదోమల వల్ల వస్తుంది. టీకా వానలకు ముందే వేయించాలి, సాయంత్రం మంద దగ్గర వేపాకు పొగ పెట్టాలి. పుట్టిన గంటలోపే పిల్లకు జున్నుపాలు తాగించాలి, బొడ్డుకు అయోడిన్ రాయాలి. చూడి గొర్రెకు కంది పొట్టు, జొన్న చొప్ప, తుమ్మకాయలు సరిపోకపోతే గుప్పెడు దాణా వేయండి.

బయట తిరిగే ఇరవై ముప్పై గొర్రెల మందకు నేను నల్ల గొర్రెలనే కొనమంటాను, పొట్టేలు కూడా ఆ జాతిదే. రెండేళ్లకోసారి ఆ పొట్టేలును ఇంకో ఊరి మందతో మార్చుకోండి, లేకపోతే సొంత బిడ్డలనే దాటి పిల్లలు బక్కబడతాయి.