స్క్రీను చెప్పే కిలోమీటర్లు, క్వారీలో నడిచే గంటలు: కొత్త బీఎస్‌6 టిప్పర్‌లో ఆయిల్ మార్పు

ఈ బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) టిప్పరులో నచ్చనిది ఒక్కటే. స్టీరింగు వెనక స్క్రీను మీద 'తర్వాతి సర్వీసుకు ఇంకా ఇన్ని కిలోమీటర్లు' అని చూపించే లెక్క. పికప్పు, బ్రేకులు, క్యాబిన్ సంగతి అందరూ చెబుతూనే ఉన్నారు. నిండు లోడుతో క్వారీ గుంతలోంచి పైకి ఎక్కేటప్పుడు బండికి వంక పెట్టేదేమీ లేదు. ఆయిల్ ఎప్పుడు దించాలన్న దగ్గర మాత్రం ఆ స్క్రీనుది హైవే బుద్ధి. చీమకుర్తి చుట్టుపక్కల క్వారీలో మట్టి, కంకర తోలే టిప్పరుకు అది పనికిరాదు.

కాగితం మీద వేసి చూడండి. స్క్రీను మామూలుగా 40,000 కిలోమీటర్ల నుంచి కిందికి లెక్కపెడుతుంది. జేసీబీ దగ్గర వరసలో ఆగడం, క్రషర్ దగ్గర ఆగడం, వే బ్రిడ్జి దగ్గర ఆగడం అన్నీ కలుపుకుంటే టిప్పర్ సగటు వేగం గంటకు 14 కిలోమీటర్లు దాటదు. ఆ వేగంతో 40,000 కిలోమీటర్లు తిరిగేసరికి ఇంజిన్ 2,850 గంటలు నడుస్తుంది. అదే గుంతలో పనిచేసే ఎక్స్‌కవేటరుకు 500 గంటలకోసారి ఆయిల్ మార్చడం మామూలు. పక్కపక్కనే నిలబడి అదే దుమ్ము పీల్చే రెండు ఇంజిన్లలో ఒకదానికి 500, ఇంకోదానికి 2,850 అంటే లెక్క ఎక్కడో తప్పినట్టే.

కంపెనీ పుస్తకంలో ఈ సంగతి లేకపోలేదు. సర్వీసు పట్టిక కింద చిన్న అక్షరాల్లో, గనులు, క్వారీల పనికి కిలోమీటర్లు సగం లేదా 500 గంటలు, ఏది ముందైతే అది అని రాసి ఉంది. స్క్రీనుకు ఆ సగం సంగతీ తెలియదు, గంటల సంగతీ తెలియదు. ఇంజిన్ గంటలు కనిపించాలంటే స్టీరింగు మీటతో మెనూలోకి వెళ్లి, ట్రిప్పు పేజీలు దాటి, కిందికి జరుపుకుంటూ పోవాలి. ఏ డ్రైవరు పోతాడు? కళ్ల ముందు కనిపించేది కిలోమీటర్లే, అందరూ వాటినే పట్టుకుంటారు.

గంటలు చూడటం కుదరనివాళ్లకు ఇంకో దారి ఉంది, డీజిల్ లెక్క. హైవే మీద లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే బండికి 40,000 కిలోమీటర్లంటే 10,000 లీటర్ల డీజిల్. టిప్పర్ లీటరుకు 2 కిలోమీటర్లే ఇస్తుంటే ఆ 10,000 లీటర్లు 20,000 కిలోమీటర్లకే కాలిపోతాయి. ఆయిల్‌లోకి చేరే మసి, ఆమ్లం కాలిన డీజిల్‌ను బట్టి ఉంటాయి గానీ టైరు తిరిగిన దూరాన్ని బట్టి కాదు. బంకు బిల్లులు దాచుకునే అలవాటున్న ఓనరుకు గంటల మీటరు కంటే ఇదే తేలిక. కాకపోతే ఐడిల్‌లో (ఇంజిన్ నడుస్తూ బండి ఆగి ఉండటం) నిలబడిన కాలాన్ని ఇది తక్కువ చేసి చూపిస్తుంది.

ఐడిల్ అంటే గుర్తొచ్చింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారైన లారీలన్నింటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి. డ్రైవరుకు అది న్యాయమే, ఎండాకాలం క్వారీలో ఆ క్యాబిన్‌లో కూర్చుంటే తెలుస్తుంది. కానీ మధ్యాహ్నం కునుకుకు ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకున్న రెండు గంటలు ఓడోమీటరు మీద సున్నా. ఆయిల్ మీద సున్నా కాదు.

ఇక అసలు గొడవ. కొత్తలో ఈ ఇంజిన్‌కు వచ్చిన పెద్ద మెప్పు 'చుక్క ఆయిల్ తాగదు' అన్నది. పాత బీఎస్‌3 బండ్లకు సర్వీసుకూ సర్వీసుకూ మధ్య నాలుగైదు లీటర్లు టాపప్ పోసి అలవాటైనవాళ్లకు గేజి పుల్ల (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద గీత కదలకపోవడం ముచ్చటగానే ఉంటుంది. కదలకపోవడంతో ఆగి ఉంటే ఆ ముచ్చట అలాగే ఉండేది. కొన్నాళ్లకు ఆయిల్ పై గీత దాటి వేలెడు మందం పైకి వచ్చింది. వేళ్ల మధ్య రుద్దితే జారుడు ఎక్కువ, ముక్కు దగ్గర పెడితే డీజిల్ వాసన. నిండు వేడి మీద ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ ముల్లు మునుపటి కంటే కిందికి దిగింది. స్క్రీను మాత్రం సర్వీసుకు ఇంకా వేల కిలోమీటర్లు ఉందని చూపిస్తూనే ఉంది.

సర్వీసు సెంటరులో వచ్చిన జవాబు 'ఎవరో ఆయిల్ ఎక్కువ పోశారు, కొంచెం దించి పంపిస్తాం' అని. కొంచెం దించితే గీత సరిపోతుంది, నిజమే. కానీ మిగిలిన ఆయిల్‌లో డీజిల్ శాతం ఎంత ఉందో అంతే ఉంటుంది. గీతకు వైద్యం జరిగింది గానీ ఆయిల్‌కు కాదు. శాంపిలు ల్యాబుకు పంపితే బయటపడింది ఇది: డీజిల్ 5 శాతం పైన, 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 11 సెంటీస్టోక్సు. ఈ ఇంజిన్లో పోసిన 15డబ్ల్యూ-40 ఆయిల్ ఆ వేడి దగ్గర 12.5కి తగ్గకూడదు. అంటే ఛాంబరులో (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలో) ఉన్నది 40 గ్రేడు కాదు, 30 గ్రేడుకు దిగిపోయింది. తమాషా ఏంటంటే టీబీఎన్ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) బాగానే ఉంది, మసి తక్కువే. ఆయిల్ ముసలిదై పాడవలేదు, పలచబడి పాడయింది. ఇలా పలచబడితే ముందు దెబ్బ తగిలేది క్రాంకు బేరింగులకు, టర్బో షాఫ్టుకు.

డీజిల్ ఛాంబరులోకి ఎలా దిగింది? బీఎస్‌6 సైలెన్సరులో డీపీఎఫ్ అని మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. అది నిండాక రీజెన్ మొదలవుతుంది, అంటే పొగను 600 డిగ్రీల దాకా వేడెక్కించి లోపలి మసిని కాల్చేయడం. ఆ వేడి కోసం కొన్ని ఇంజిన్లు సిలిండరులోకే ఆలస్యంగా అదనపు డీజిల్ చిమ్ముతాయి. అందులో కొంత సిలిండరు లైనరు గోడకు అంటుకుని, పిస్టన్ రింగులు దాటి కింద ఆయిల్లోకి జారుతుంది. రీజెన్ పూర్తవడానికి 20, 30 నిమిషాలు ఏకధాటిగా నడవాలి. గుంత నుంచి క్రషర్‌కు ఆరు కిలోమీటర్లు, అక్కడ అన్‌లోడింగు, ఇంజిన్ ఆఫ్. మళ్లీ స్టార్టు చేస్తే రీజెన్ మళ్లీ మొదటి నుంచి, అదనపు డీజిల్ మళ్లీ. లోడింగు దగ్గర ఐడిల్ పెరిగి సైలెన్సరు వేడి కక్కుతుందని డ్రైవర్లు రీజెన్ ఆపే స్విచ్చి నొక్కడం ఇంకో కారణం.

కొన్న బండిలో రీజెన్ డీజిల్ సిలిండరులోకి వస్తుందా, లేక సైలెన్సరు పైపు మీద విడిగా డోజర్ ఇంజెక్టరు ఉందా అన్నది డీలరును గట్టిగా అడగాలి. విడిగా ఉంటే రీజెన్ వల్ల ఆయిల్ పలచబడే భయం లేనట్టే. అప్పుడు గంటల లెక్క ఒక్కటి చాలు.

రీజెన్ తప్ప ఇంకో రెండు అనుమానాలు తీర్చుకున్నాకే అలవాట్ల మీద పడాలి. ఒకటి, థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోతే ఇంజిన్ ఎప్పుడూ చల్లగా నడిచి డీజిల్ దిగుతుంది. టెంపరేచర్ ముల్లు సగానికి రాకుండా ఊగుతుంటే అదే. రెండు, ఏదైనా ఇంజెక్టరు కారుతుంటే తెల్లవారి స్టార్టింగులో తెల్లపొగ, ఐడిల్‌లో కుదుపు ఉంటాయి. ఈ బండిలో రెండూ లేవు. కాబట్టి మార్చింది పనితీరునే: రీజెన్ లైటు వెలుగుతుంటే ఇంజిన్ ఆపకూడదు, స్విచ్చి ముట్టుకోకూడదు. లైటు పదేపదే వస్తుంటే షిఫ్టు అయ్యాక ఎండుగడ్డి, చెత్త లేని చోట నిలబెట్టి పార్కింగు రీజెన్ పూర్తి చేయాలి, అరగంట పైనే పడుతుంది. వీలైన వారాల్లో ఒకట్రెండు ట్రిప్పులు ఒంగోలు వైపు రోడ్డు పనికి పంపితే ఆ దారిలోనే రీజెన్ ముగుస్తుంది. ఆయిల్ మార్పు 400 గంటలకు కుదించడంతో తర్వాతి శాంపిళ్లలో డీజిల్ 2 శాతం లోపే ఉంటోంది, చిక్కదనం 13కి పైనే నిలుస్తోంది.

గేజి పుల్ల చదివే తీరు కూడా మారాలి. ఉదయం స్టార్టు చేయకముందు, చదునైన నేల మీద, రోజూ ఒకేచోట చూడాలి. తగ్గితే భయపడటం అందరికీ వచ్చు. ఈ ఇంజిన్లలో అసలు తగ్గకపోయినా అనుమానించాలి. పని చేసే ఇంజిన్ ఎంతో కొంత ఆయిల్ కాలుస్తుంది, ఆ లోటును డీజిల్ పూడుస్తుంటే గీత కదలదు.

శాంపిలు తీయడానికి డ్రెయిన్ బోల్టు విప్పక్కర్లేదు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆపి, గేజి పుల్ల పైపులోంచి కొత్త ప్లాస్టిక్ ట్యూబు దించి చేతి పంపుతో లాగాలి. ట్యూబును గేజి పుల్ల పక్కన పెట్టి దానికంటే కొంచెం పొడవుగా కోయాలి, ఛాంబరు అడుగు తగిలితే మడ్డి వచ్చి రిపోర్టు తప్పుతుంది. 100 మి.లీ. చాలు. సీసా మీద ఇంజిన్ గంటలు, ఈ ఆయిల్ నడిచిన గంటలు, పోసిన టాపప్ రాయకపోతే ఆ రిపోర్టుకు అర్థమే ఉండదు. ఫిల్టరు పేపరు మీద ఒక చుక్క వేసి ఆరబెట్టి, మసి మచ్చ బయట పారదర్శకంగా లేత వలయం ఉందా అని చూసే పద్ధతి షెడ్డుల్లో ఉంది. డీజిల్ ఎక్కువగా కలిస్తే అది పట్టిస్తుంది గానీ ఎంత శాతమో చెప్పదు.

కొత్త బండి మొదటి రిపోర్టు చూసి గుండె పట్టుకోవద్దు. ఇనుము ఎక్కువే ఉంటుంది, రింగులూ లైనర్లూ ఒకదానికొకటి కుదురుకుంటున్నాయి. రాగి ఎక్కువైతే చాలాసార్లు అది ఆయిల్ కూలర్ నుంచి కరిగి వచ్చేదే, ఒకట్రెండు మార్పుల్లో తగ్గిపోతుంది. సిలికాన్ ఎక్కువైతే దుమ్మే అనుకుంటారు, కానీ కొత్త ఇంజిన్‌లో గ్యాస్కెట్లకు పూసిన సీలెంటు నుంచి కూడా సిలికాన్ వస్తుంది. పక్కన అల్యూమినియం చూడాలి. రెండూ కలిసి పెరిగితే దుమ్ము లోపలికి పోతోందని, ఎయిర్ ఫిల్టరు నుంచి టర్బో దాకా హోసుల క్లిప్పులు వెతకాలి. ఎయిర్ ఫిల్టరును రోజూ కంప్రెసర్‌తో ఊదించే అలవాటు ఉంటే ముందు అది మానాలి, పేపరు చిరిగేది అక్కడే.

మొదటి ఆయిల్‌ను 5,000 కిలోమీటర్లకే దించేయాలన్న పాత మాట మీద షెడ్డుల్లో ఎంత వాదించినా తెగదు. ఇప్పటి ఇంజిన్లలో చాలావాటికి కంపెనీ అది అడగదు. క్వారీ బండికి 250 గంటలకు ఒకసారి దించడం దండగ కాదని నా అభిప్రాయం, ఆయిల్ కోసం కంటే ఫిల్టరు విప్పి చూడటం కోసం. డబ్బా ఫిల్టరైతే హ్యాక్సా పెట్టకూడదు, రజను పేపరులో పడి ఏది ఇంజినుదో ఏది రంపానిదో తెలియదు. కట్టరుతోనే కోసి మడతలు విప్పాలి. అయస్కాంతం ఉన్న డ్రెయిన్ బోల్టుకు బూడిద రంగు ముద్ద అంటుకుంటే మామూలే, గోటికి తగిలే రేకుల్లాంటివి కనిపిస్తే మామూలు కాదు.

ఆయిల్ గ్రేడులో మాత్రం పొదుపు పనికిరాదు. సీకే-4 అనే డీజిల్ ఇంజిన్ ఆయిల్ ప్రమాణానికే పరిమితం కావాలి. షెడ్డులో మిగిలిన పాత సీఐ-4 ప్లస్ బకెట్టు ఉంది కదా అని పోస్తే ఇంజిన్ నడుస్తుంది, కానీ దాంట్లో బూడిద పదార్థం ఎక్కువ. మసిని రీజెన్ కాలుస్తుంది, బూడిదను కాల్చలేదు. అది డీపీఎఫ్‌లోనే పేరుకుని రీజెన్లు దగ్గర పడతాయి, మళ్లీ డీజిల్ కిందికి. కంపెనీ పుస్తకంలో ఉంటే తప్ప ఎఫ్‌ఏ-4 అనే ఇంకో రకం జోలికి పోకూడదు, అది మొదటే పలచన.

దీని ఖర్చు దాచాల్సిందేమీ కాదు. ఫిల్టరుతో కలిపి 21 లీటర్లు, అంటే 20 లీటర్ల బకెట్టు చాలదు, ఇంకో లీటరు విడిగా కొనాలి. 400 గంటలంటే క్వారీలో సుమారు 5,600 కిలోమీటర్లే, ఆ లెక్కన 40,000 కిలోమీటర్లలో ఏడు మార్పులు. ల్యాబు పరీక్ష బకెట్టు ధర కంటే చాలా తక్కువ కాబట్టి, రిపోర్టులు వరసగా బాగుంటే 500 గంటలకు పోదామని ఆలోచన ఉంది. వారంటీలో ఉన్న బండి కాబట్టి కంపెనీ చెప్పిన సర్వీసులు కంపెనీలోనే, మధ్యలోవి షెడ్డులో, గ్రేడు రాసిన బిల్లుతో. ఆ బిల్లు మీద ఇంజిన్ గంటలు కూడా రాయించుకోవడం మేలు.

ఇదంతా తక్కువ దూరం, ఎక్కువ నిలబాటు ఉన్న టిప్పర్ సంగతి. అదే ఇంజిన్‌తో చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకు గ్రానైటు బ్లాకులు తోలే ట్రైలరుకు రీజెన్లు దారిలోనే ముగుస్తున్నాయి, ఆయిల్ గీత ఏమాత్రం పెరగలేదు. దానికి ఇప్పటికీ స్క్రీను చెప్పిన లెక్కకే మారుస్తున్నాం. పోర్టు బయట క్యూలో రాత్రంతా ఏసీతో నిలబడే నెలల్లో మాత్రం ఒక శాంపిలు తీస్తున్నాం.