అరిగిన జా ప్లేటు నింపడానికి ఏ వెల్డింగ్ రాడ్డు కొనాలి?

కంకర క్రషర్‌లో రాళ్లను నలిపే జా ప్లేటు సాధారణంగా 11–14 శాతం మాంగనీస్ ఉన్న స్టీలు. దెబ్బలు తగిలేకొద్దీ గట్టిపడుతుంది, అతిగా వేడెక్కితే పెళుసెక్కుతుంది. రాడ్డు ఎంపికంతా ఈ రెండో గుణం చుట్టూనే తిరుగుతుంది.

చవగ్గా వస్తుందని మామూలు స్టీలుకి వాడే 7018 రాడ్డు వాడితే డబ్బు నీళ్లపాలే. కరిగిన మాంగనీస్‌తో కలిసి అతుకు దగ్గర పెళుసు పొర ఏర్పడుతుంది, నింపింది పెచ్చుగా ఊడొస్తుంది.

నికెల్-మాంగనీస్ రాడ్డు మాంగనీస్ మీద నింపడానికి సరిపోతుంది, మామూలు స్టీలుకి అతకడానికి మాత్రం పనికిరాదు. మాంగనీస్-క్రోమియం రాడ్డు రెండిటికీ పనికొస్తుంది. ధర ఎక్కువైనా మా ఓటు దీనికే. వేసినప్పుడు సుమారు 200 బ్రినెల్ (గట్టిదనం కొలత) ఉండి, రాళ్ల దెబ్బలకు 450 దాటుతుంది. వేయగానే మెత్తగా ఉందని దుకాణదారుతో గొడవ పడొద్దు, దాని తీరే అంత!

క్రోమియం కార్బైడ్ రాడ్డు రాపిడికి మేటి, దెబ్బకు బలహీనం. పైన ఒకటి రెండు పొరలు చాలు.

ఎంత మంచి రాడ్డయినా పని తీరు చెడితే వృథా. ముందుగా గట్టిపడిన పైపొరను, పగుళ్లను గ్రైండింగ్‌తో తీసెయ్యాలి. ప్రీహీట్ (వెల్డింగ్‌కి ముందే ప్లేటు వేడి చేయడం) వద్దు. డబ్బా మీద రాసిన ఆంపియర్లలో కింది అంచున పెట్టి, ఊపకుండా సన్నటి పొట్టి బీడ్లు (వెల్డింగ్ గీతలు) వెయ్యాలి. వేడిగా ఉండగానే గుండ్రటి మొన సుత్తితో కొడితే వెల్డు లోపలి బిగుతు తగ్గుతుంది. బీడు పక్కన వేడి 260 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. ఆ వేడికి కరిగే టెంపరేచర్ చాక్‌తో గీసి చూడండి, గీత కరిగితే ఆ చోటు వదిలి ఇంకో మూలకి జరగాలి.