కార్బురేటరా, ఇంజెక్షనా: చిన్న విమానానికి ఏది నయం?

లైకమింగ్ ఓ-320 ఇంజన్ కింద ఉండి, గాలిలో ఫ్యూయల్ కలిపే మార్వెల్-షెబ్లర్ ఎంఏ-4ఎస్‌పీఏ కార్బురేటర్ ఒకవైపు, ఐఓ-360 ఇంజన్‌కు వచ్చే, ఒక్కో సిలిండర్ దగ్గరే ఫ్యూయల్ చిమ్మే బెండిక్స్ ఆర్‌ఎస్‌ఏ-5 ఇంజెక్షన్ ఒకవైపు. దశాబ్దాలుగా నలిగినవే రెండూ. కార్బురేటర్‌కు మంచు పడదు, ఇంజెక్షన్‌కు వేడి పడదు.

కార్బురేటర్‌లోని ఇరుకు గొట్టం, వెంచురీలో ఫ్యూయల్ ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. లోపలి ఉష్ణోగ్రత బయటికంటే 30 డిగ్రీల సెల్సియస్ మేర పడిపోవచ్చు. అందుకే బయట 20 డిగ్రీలున్నా, తేమ ఉంటే గాలిని అదుపు చేసే థ్రాటిల్ ప్లేటు చుట్టూ మంచు పేరుకుంటుంది. రెక్కల కోణం మారని ఫిక్స్‌డ్ పిచ్ ప్రొపెల్లరైతే ఆర్‌పీఎం మెల్లగా జారుతుంది. అప్పుడు కార్బురేటర్‌కు వేడి గాలి పంపే కార్బ్ హీట్ నాబ్ పూర్తిగా లాగాలి. మొదట ఆర్‌పీఎం ఇంకా తగ్గి ఇంజన్ దడదడలాడుతుంది. కరిగిన నీరు లోపలికి పోతోందన్నమాట. భయపడి నాబ్ మళ్లీ నెట్టేస్తే మొదటికే మోసం. ఇంకో రోగం, లోపల తేలుతూ ఫ్యూయల్ మట్టాన్ని అదుపులో ఉంచే ఫ్లోట్‌ది: చిల్లు పడి మునిగితే మిక్స్‌చర్ రిచ్ అవుతుంది (గాలిలో ఫ్యూయల్ పాలు పెరుగుతుంది), ఇంజన్ ఆపాక కూడా ఫ్యూయల్ కారుతుంది.

ఇంజెక్షన్‌కు వెంచురీ మంచు బెడద లేదు. కానీ వేడి ఇంజన్ ఆపి అరగంటకు మళ్లీ స్టార్ట్ చేయడం తలనొప్పి: సిలిండర్ల మీది సన్నటి లైన్లలో ఫ్యూయల్ ఆవిరైపోయి ఉంటుంది. చాలా హ్యాండ్‌బుక్‌లు చెప్పేది ఇదే: మిక్స్‌చర్ నాబ్‌ను కటాఫ్‌లో (ఫ్యూయల్ ఆగే చోట) ఉంచి, థ్రాటిల్ అర అంగుళం తెరిచి తిప్పాలి, అందుకోగానే మిక్స్‌చర్ రిచ్‌కు. బూస్ట్ పంపు (కరెంటుతో నడిచే ఫ్యూయల్ పంపు) పదేపదే వేసి ఇంజన్‌ను ఫ్యూయల్‌తో ముంచేశారా, మిక్స్‌చర్ కటాఫ్‌లోనే ఉంచి థ్రాటిల్ పూర్తిగా తెరిచి తిప్పడమే.

అసలు కిటుకు ఒక్కో సిలిండర్ దగ్గర ఫ్యూయల్ చిమ్మే నాజిళ్లలో ఉంది. రంధ్రం 0.028 అంగుళాలే. నలుసు పడితే ఆ సిలిండర్‌కు ఫ్యూయల్ తగ్గి లీన్ అవుతుంది. పాత ఫ్యూయల్ ఫ్లో మీటర్ మాత్రం ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే అది కొలిచేది, సిలిండర్లకు ఫ్యూయల్ పంచే ఫ్లో డివైడర్ దగ్గరి ప్రెషర్‌ని; అడ్డు పడితే అది పెరుగుతుంది. దాన్ని నమ్మి ఇంకా లీన్ చేస్తే సిలిండర్‌కు ముప్పే. నాజిల్‌ను తీగతో పొడవకూడదు. అసిటోన్‌లో నానబెట్టి గాలి ఊదాలి. తర్వాత నాలుగింటినీ వాటి లైన్లకే బిగించి, ఒకేరకం సీసాల్లోకి బూస్ట్ పంపుతో వదిలి మట్టాలు పోల్చాలి. స్పార్క్ ఇచ్చే మ్యాగ్నెటోలు ఆఫ్‌లో, అగ్నిమాపక సిలిండర్ పక్కనే.

రోజంతా స్టార్ట్‌లు, ల్యాండింగ్‌లు చేసే శిక్షణ విమానానికి కార్బురేటరే మేలు. హై-వింగ్ (రెక్క పైన ఉండే విమానం) అయితే ఫ్యూయల్ గ్రావిటీతోనే దిగుతుంది, పంపుల గొడవ లేదు. దూర ప్రయాణాలకు ఇంజెక్షన్, అదీ నాలుగు సిలిండర్లకూ ఈజీటీ (ఎగ్జాస్ట్ వాయువు ఉష్ణోగ్రత) మానిటర్ ఉంటేనే. అది లేకపోతే పీక్ (ఈజీటీ గరిష్ఠంగా ఉండే మిక్స్‌చర్) కంటే లీన్‌గా నడిపే లాభం చేతికి రాదు. సెకండ్‌హ్యాండ్ ఇంజెక్షన్ విమానం కొంటుంటే కౌలింగ్ (ఇంజన్ మీది తొడుగు) విప్పించి నాజిళ్ల చుట్టూ నీలం మరకలున్నాయేమో చూడండి. అక్కడ 100ఎల్‌ఎల్ (నీలం రంగు విమాన పెట్రోలు) కారుతోందని అర్థం.