ఎనిమిదేళ్లకు పైగా క్యూజీఐఎస్‌తో ప్రాంతీయ ప్రణాళిక పని

మ్యాపులు తయారుచేసి విశ్లేషించే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌ను నేను 2017లో మొదలుపెట్టేటప్పటికి నడుస్తున్నది 2.18 వెర్షన్. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో 3.0 వచ్చింది. అందులో స్క్రిప్టులు రాసే ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 2 నుంచి 3కి మారడంతో, నేను కష్టపడి రాసుకున్న చిన్న చిన్న స్క్రిప్టులు ఒక్కటీ పనిచేయలేదు. ఓ వారం ఒకటే టెన్షన్. అయినా వదల్లేదు. లైసెన్స్ ఖర్చు లేకపోవడం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, నేను వేసిన లెక్కను ఇంకొకరు తమ కంప్యూటర్‌లో తెరిచి మెట్టు మెట్టుగా సరిచూసుకోగలగడం.

ఎక్కడ ఇళ్లు పెరగనివ్వొచ్చు, ఏ పల్లాన్ని నీటికి వదిలేయాలి, ఏ సాగునేల జోలికి పోకూడదు అన్నవి తేల్చడమే నా పని. వాలు, నేల రకం, ముంపు, రోడ్డుకు దూరం ఒక్కొక్కటీ ఒక్కో లేయర్, అంటే మ్యాపులో ఒక్కో పొర. ప్రతిదానికీ 1 నుంచి 5 దాకా మార్కులు వేసి, దేనికెంత ప్రాధాన్యమో చెప్పే వెయిట్లు ఇచ్చి, రాస్టర్ కాలిక్యులేటర్‌లో (గడులుగా ఉండే మ్యాపుల మీద గడిగడికీ లెక్క వేసేది) కలిపితే ఎరుపు, ఆకుపచ్చ రంగుల మ్యాప్ తయారవుతుంది. చూడ్డానికి భలే నమ్మకంగా ఉంటుంది. చిక్కంతా ఆ నమ్మకంతోనే. ఒక సమావేశంలో ఒకాయన, "రోడ్డు పక్కన ఉన్నందుకు అన్ని మార్కులెందుకండీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. లెక్క మెట్లను వరసగా పేర్చుకునే మోడల్ డిజైనర్‌లో ఆ వెయిట్‌ను అక్కడికక్కడే 30 శాతం నుంచి 15కి తగ్గించి మళ్లీ నడిపాను. ఏటి గట్టు వెంబడి ఉన్న 'అనుకూల' స్థలం చాలావరకు మాయమైంది. అప్పటి నుంచి ఒకే మ్యాప్ తీసుకెళ్లడం మానేశాను. వేర్వేరు వెయిట్లతో మూడు తీసుకెళ్తాను.

డేటా దెబ్బలు వేరు. ఎత్తుల కోసం చాలాకాలం ఎస్ఆర్‌టీఎం అనే డేటానే నమ్ముకున్నాను. అది 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచినది, ఒక్కో గడి సుమారు 30 మీటర్లు. అంత గడిలో చిన్న వాగు కనిపించదు. పైగా చెట్లు దట్టంగా ఉన్నచోట అది చూపే ఎత్తులో కొంత చెట్లది కూడా. ఒక తోపును మెరక నేల అనుకుని ముంపు లేనిచోటుగా గుర్తించాను. వెళ్లి చూస్తే చుట్టుపక్కల నీళ్లన్నీ చేరే గుంట అది! తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాదే.

గుండ్రటి భూమిని చదునైన మ్యాపుగా మార్చే ప్రొజెక్షన్ విషయంలో కొత్తవాళ్లందరూ ఒకసారి బోల్తా పడతారు. లేయర్ అక్షాంశ రేఖాంశాల్లో ఉండగా బఫర్‌కు (చుట్టూ ఇంత దూరం అని గీసే హద్దు) 500 అని కొడితే అవి మీటర్లు కావు, డిగ్రీలు. భూగోళమంతా బఫర్‌లోకి వచ్చేస్తుంది. ఇది నయం, తప్పని కళ్లకే తెలుస్తుంది. ఇంటర్నెట్ మ్యాపుల్లో వాడే వెబ్ మెర్కేటర్ ప్రొజెక్షన్‌లో విస్తీర్ణం కొలవడమే ప్రమాదం. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర నాలుగు రెట్లు ఎక్కువ చూపిస్తుంది, అంకె మాత్రం మామూలుగానే కనిపిస్తుంది.

నాకు బాగా నచ్చింది 3.14 వెర్షన్‌లో వచ్చిన, మ్యాపులను కాలక్రమంలో ఆడించి చూపే టెంపోరల్ కంట్రోలర్. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో 2015 నుంచీ ఉచితంగా దొరుకుతున్నాయి. ఏడాదికొకటి, అదీ ఒకే కాలంలో తీసినవి, వరసగా పేర్చి ఆడిస్తే కట్టడాలు పొలాల మీదికి ఎలా పాకాయో కదులుతూ కనిపిస్తుంది. పట్టికలు చూపించినప్పుడు ఫోన్లు చూసుకునేవాళ్లు కూడా దీనికి తలెత్తారు. త్రీడీ వ్యూ మాత్రం తక్కువే వాడతాను. ఎత్తును కాస్త పెంచి చూపిస్తే చిన్న దిబ్బ కూడా కొండైపోతుంది, ఇక చర్చంతా దాని అందం చుట్టూనే.

రంగుల గురించి ఒక మాట. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు ప్రతి గదిలోనూ ఒకరో ఇద్దరో ఉండొచ్చు. ప్రివ్యూ మోడ్‌లో వాళ్లకు ఎలా కనిపిస్తుందో చూసుకోవచ్చు. నేనది ఆలస్యంగా కనిపెట్టాను.

మ్యాపు డేటా దాచుకోవడానికి షేప్‌ఫైల్ అనే పాత ఫైల్ రకం అలవాటున్నవాళ్లు జియోప్యాకేజ్ అనే కొత్త రకానికి మారడం మేలు. షేప్‌ఫైల్‌లో ఫీల్డ్ (పట్టికలో నిలువు వరస) పేరుకు 10 అక్షరాలే చోటు. ఒకసారి రెండు జనాభా లెక్కల పేర్లు తెగిపోయి ఒకేలా కనిపించాయి, పాతదాన్నే కొత్తదనుకుని సగం నివేదిక రాసేశాను. పెద్ద రాస్టర్లతో క్యూజీఐఎస్ అప్పుడప్పుడూ మూసుకుపోతుంది కూడా, సేవ్ చేస్తూ ఉండాలి. అసలు పనికి ఎల్‌టీఆర్ (ఎక్కువకాలం లోపాలు సరిదిద్దుతూ ఉండే) వెర్షనే వాడతాను. కొత్తది వస్తే పాత లాప్‌టాప్‌లో వేసి, ఆ మూడు మ్యాపులూ మళ్లీ అలాగే వస్తున్నాయో లేదో చూసుకుంటాను.