హార్పర్స్ ఫెర్రీ నుంచి అపొమాటక్స్ దాకా: అమెరికా అంతర్యుద్ధపు నేల మీద నాలుగు రోజులు

2021 జనవరి 6న వాషింగ్టన్ కాపిటల్ భవనంలోకి చొరబడిన గుంపులో ఒకతను, బానిసత్వాన్ని నిలుపుకోవడానికి దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల (కాన్ఫెడరేట్) జెండా భుజాన వేసుకుని నడవాల్లో తిరిగాడు. 1861 నుంచి 1865 దాకా నాలుగేళ్లు యుద్ధం సాగినా దక్షిణాది సైన్యం ఆ గడప తొక్కలేకపోయింది. ఆ ఫొటో వచ్చిన దగ్గర్నుంచీ ‘మళ్లీ అంతర్యుద్ధం వస్తుందా’ అన్న ప్రశ్న అమెరికాలో తరచూ వినిపిస్తూనే ఉంది. ఆ భయంలో నిజమెంతో తూచుకోవాలంటే వాషింగ్టన్ చుట్టుపక్కల అయిదు చోట్లు చూడాలి. ఒక్క రోజు గెటిస్‌బర్గ్ వెళ్లి ఫిరంగుల పక్కన ఫొటోలు దిగి వచ్చేస్తే సరిపోదు. యుద్ధం ఎలా మొదలైంది, ఎలా ముగిసింది అన్న రెండు కొసలూ వేరేచోట ఉన్నాయి.

మొదటి రెండు రాత్రులకు మేరీలాండ్‌లోని ఫ్రెడరిక్ ఊళ్లో గది తీసుకోవడం మేలు. హార్పర్స్ ఫెర్రీ, ఆంటీటమ్ రెండూ అక్కడికి అరగంట దూరంలోనే. యూఎస్ 15 మీద గెటిస్‌బర్గ్ సుమారు 35 మైళ్లు. ఇండియన్ రెస్టారెంట్లు దొరుకుతాయి కాబట్టి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకు రాత్రి భోజనం బెంగ ఉండదు. అంతర్యుద్ధ కాలపు వైద్యం మీద అక్కడొక మ్యూజియం ఉంది, దానికి గంటన్నర కేటాయించండి. ఆ యుద్ధంలో తూటాలకన్నా విరేచనాలు, టైఫాయిడ్ లాంటి రోగాలే ఎక్కువమంది సైనికులను చంపాయన్నది అక్కడ బాగా తెలుస్తుంది.

హార్పర్స్ ఫెర్రీకి ఉదయమే వెళ్లాలి. జీపీఎస్ నేరుగా నది ఒడ్డున ఉన్న పాత ఊళ్లోకి తీసుకెళ్తుంది. అక్కడ పార్కింగ్ పట్టుమని కొన్ని కార్లకే, సందులు ఇరుకు. పైన గుట్ట మీద ఉన్న విజిటర్ సెంటర్ దగ్గర కారు పెట్టి పార్కు వాళ్ల బస్సు ఎక్కండి. ప్రవేశం కారుకు 20 డాలర్లు ఉండేది, రేట్లు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు పార్కు సైట్ చూసుకోండి. తిరుగు ప్రయాణంలో ఆఖరి బస్సు ఎన్నింటికో దిగేటప్పుడే అడిగి పెట్టుకోవాలి. అది తప్పితే గుట్ట ఎక్కాల్సిందే.

చూడాల్సింది ఒక చిన్న ఇటుకల గది, ఫైరింజన్లు పెట్టుకునే షెడ్డు. బానిసలను విడిపించే తిరుగుబాటు లేవదీయాలని జాన్ బ్రౌన్ 21 మందితో 1859 అక్టోబర్ 16 రాత్రి ఇక్కడి ప్రభుత్వ ఆయుధాగారం మీద పడ్డాడు. 18న తెల్లవారాక మెరైన్లు ఆ షెడ్డు తలుపు బద్దలుకొట్టి పట్టుకున్నారు. వాళ్లను నడిపించినవాడు రాబర్ట్ ఈ. లీ, తర్వాత దక్షిణాది సేనాని, అప్పటికింకా అమెరికా సైన్యంలో కల్నల్. విషాదమేమిటంటే బ్రౌన్ మనుషుల చేతిలో మొదట చనిపోయింది హేవర్డ్ షెపర్డ్ అనే స్వేచ్ఛ పొందిన నల్లజాతి రైల్వే ఉద్యోగి. డిసెంబర్ 2న బ్రౌన్‌ను ఉరితీశారు. ఉత్తరాదిలో చాలామందికి అతను అమరవీరుడు, దక్షిణాదికి హంతకుడు. ఒకే సంఘటన గురించి రెండు దేశాలు మాట్లాడుకున్నట్టుండేది. నేటి అమెరికాకు పోలిక వెతికితే 1861లో కాదు, ఇక్కడ, ఈ 1859లో దొరుకుతుంది. ఈ ప్రయాణంలో ఎక్కువసేపు నిలబడాల్సిన చోటు ఇదే. ఆ షెడ్డును ఇటుక ఇటుకా విప్పి 1893 షికాగో ప్రదర్శనకు తీసుకెళ్లారు, తర్వాత ఇంకా చోట్లు మార్చారు. ఇప్పుడున్నది అసలు చోటుకు సుమారు 150 అడుగుల అవతల.

నదుల కూడలి దగ్గర నిలబడితే మేరీలాండ్, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా మూడూ కనిపిస్తాయి. రాష్ట్ర విభజన చూసిన తెలుగువాళ్లకు ఇక్కడ ఒక తేడా స్పష్టమవుతుంది. మన రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోలు అక్కర్లేదు. అమెరికాలో పాత రాష్ట్రం శాసనసభ ఒప్పుకుని తీరాలి. వర్జీనియా యూనియన్‌ను (అమెరికా సమాఖ్యను) వదిలి వెళ్లిపోవడంతో, వీలింగ్‌లో కొలువుదీరిన యూనియన్ పక్షపు శాసనసభే ఆ ఒప్పుకోలు ఇచ్చింది. అలా 1863 జూన్ 20న వెస్ట్ వర్జీనియా ఏర్పడింది. ఇదీ, మన 2014 విభజనా దేశం లోపలి గీతలు. ఆ రోజుల్లో 11 దక్షిణాది రాష్ట్రాలు చేసింది దేశాన్నే వదిలిపోవడం. అలా ఏకపక్షంగా వెళ్లిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదని సుప్రీంకోర్టు 1869లో టెక్సస్ వర్సెస్ వైట్ కేసులో తేల్చేసింది.

మేరీలాండ్ హైట్స్ కొండ నుంచి దృశ్యం గొప్పగా ఉంటుంది. కానీ రానుపోను నాలుగున్నర మైళ్లు, ఎక్కుడు నిలువుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను తీసుకెళ్లొద్దు.

ఆంటీటమ్ యుద్ధభూమిలో దుకాణాల హడావిడి లేదు. పొలాలు, కంచెలు, మొక్కజొన్న. కారులో తిరిగే దారి ఎనిమిదిన్నర మైళ్లు, 11 మజిలీలు. పార్కు యాప్ ముందే ఫోన్లో దింపుకోండి. మజిలీలు వరుస తప్పొద్దు, యుద్ధం ఉదయం మొక్కజొన్న చేలో మొదలై, మధ్యాహ్నానికి పల్లపు బాటలోకి, సాయంత్రానికి వంతెన దగ్గరికి జరిగింది. ఇక్కడ 23,000 మంది చనిపోయారని చాలామంది చెబుతుంటారు, అది పొరపాటు. 1862 సెప్టెంబర్ 17న చనిపోయినవారు, గాయపడినవారు, గల్లంతైనవారు కలిపి ఆ లెక్క. ఆ ఒక్క రోజు ప్రాణాలు పోయినవారు సుమారు 3,650. జాతీయ శ్మశానంలో, మేరీలాండ్‌లోని ఇతర పోరాటాల్లో చనిపోయినవారితో కలిపి, 4,776 మంది యూనియన్ సైనికులున్నారు. కాన్ఫెడరేట్లకు అందులో చోటివ్వలేదు, వాళ్లను వేరే ఊళ్లలో పాతిపెట్టారు.

గెటిస్‌బర్గ్ యుద్ధభూమికి టికెట్ లేదు. మ్యూజియం, సినిమా, చుట్టూ గుండ్రంగా ఉండే 377 అడుగుల సైక్లోరమా చిత్రం మూడింటికీ కలిపి టికెట్ ఉంటుంది. ఆ డబ్బుకన్నా లైసెన్సున్న గైడ్ మీద పెట్టే డబ్బు ఎక్కువ ఫలితమిస్తుంది. ఆయనే మీ కారు నడుపుతూ రెండు గంటలు చూపిస్తారు. వారాంతమైతే ముందే బుక్ చేసుకోవాలి. అద్దె కారైతే వేరేవాళ్లు నడపడానికి ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందో లేదో కనుక్కోండి. గైడ్లు చాలామంది దళాల కదలికల్లో మునిగిపోతారు కాబట్టి, ఏబ్రహాం బ్రయన్ పొలం చూపించమని అడగండి. ఆయన స్వేచ్ఛ పొందిన నల్లజాతి రైతు. లీ సైన్యం పెన్సిల్వేనియాలో నల్లజాతివాళ్లను పట్టుకుని దక్షిణానికి తోలుకుపోయింది. యుద్ధం దేనికోసమో ఆ పొలం గట్టున అర్థమవుతుంది.

1863లో యుద్ధం జరిగిన జులై 1, 2, 3 తేదీల్లో మాత్రం వెళ్లొద్దు. గదుల రేట్లు పెరుగుతాయి, ఎండా ఎక్కువే. గడ్డిలో నడిస్తే పిడుదులు పడతాయి. లైమ్ జబ్బు తెచ్చేవి అవే కాబట్టి పొడుగు ప్యాంటు వేసుకుని, సాయంత్రం కాళ్లు చూసుకోవాలి. రాత్రి దయ్యాల టూర్లు మానేసి 1938 నాటి శాంతి స్మారకం దగ్గర పొద్దుగూకేదాకా కూర్చోండి.

అక్కణ్నుంచి, కాన్ఫెడరేట్ల రాజధానిగా ఉన్న రిచ్‌మండ్ మూడున్నర గంటల పైనే. శుక్రవారం మధ్యాహ్నం ఐ-95 ఎక్కితే ఇంకా ఎక్కువ. షార్ట్ పంప్ వైపు దిగితే మన భోజనం దగ్గర్లో ఉంటుంది. ట్రెడిగర్ ఇనుప కర్మాగారంలోని మ్యూజియం బాగుంది. కాన్ఫెడరేట్ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ నివాసాన్ని గైడుతోనే చూడాలి, సమయాలు ముందు చూసుకోండి. మాన్యుమెంట్ అవెన్యూలో 1890లో నిలబెట్టిన లీ విగ్రహాన్ని 2021 సెప్టెంబర్ 8న దించేశారు. కాన్ఫెడరేట్ నాయకులెవరూ ఇప్పుడు అక్కడ లేరు, టెన్నిస్ ఆటగాడు ఆర్థర్ ఆష్ విగ్రహం ఉంది. 1861లో చీలిక మ్యాపు మీద గీత గీసినట్టుండేది: బానిసలున్న 11 రాష్ట్రాలు, వాటికొక రాజధాని, ఖజానా, సైన్యం. ఈనాటి గొడవ ఒకే రాష్ట్రంలో నగరానికీ పల్లెకీ మధ్య, ఒక్కోసారి ఒకే ఇంట్లో. అందుకే రాష్ట్రాలు కూడబలుక్కుని విడిపోవడం కన్నా హార్పర్స్ ఫెర్రీ లాంటి విడి హింసకే భయపడాలి.

అపొమాటక్స్ కోర్ట్ హౌస్ అంటే కోర్టు భవనం కాదు, ఊరి పేరే అది. జీపీఎస్‌లో ‘అపొమాటక్స్’ అని మాత్రమే కొడితే ఇప్పటి పట్టణంలో తేలతారు. పార్కు అక్కడికి మూడు మైళ్లు, రూట్ 24 మీద. టికెట్ లేదు. తినడానికి దగ్గర్లో పెద్దగా ఏమీ లేదు, పులిహోరో పెరుగన్నమో కట్టుకెళ్లండి. 1865 ఏప్రిల్ 9న లీ లొంగిపోయిన మెక్లీన్ ఇల్లు తిరిగి కట్టినది. యూనియన్ సేనాని గ్రాంట్ ఎవరినీ ఖైదు చేయలేదు. ఆకలితో ఉన్నవాళ్లకు 25,000 మందికి సరిపడా తిండి పంపాడు, గుర్రాలున్నవాళ్లను దున్నుకోవడానికి తోలుకెళ్లనిచ్చాడు. ఇక ఆయుధం పట్టమని మాట తీసుకుని సుమారు 28,000 మందిని ఇళ్లకు పంపిన పెరోల్ చీటీలను క్లోవర్ హిల్ పూటకూళ్లింట్లో అచ్చువేశారు. అయితే విముక్తి పొందిన నలభై లక్షలమంది నల్లజాతివాళ్లకు అంత ఉదారత దక్కలేదు. వాళ్ల ఓటుహక్కు కోసం ఇంకో వందేళ్లు పట్టింది.

వెళ్లేటప్పుడు ఊరికి పడమరగా, రూట్ 24 పక్కనున్న చిన్న శ్మశానం దగ్గర కారు ఆపండి. చాలామంది చూడకుండానే దాటిపోతారు. పది నిమిషాలు చాలు. పద్దెనిమిది మంది కాన్ఫెడరేట్ సైనికుల వరసలోనే ఒక యూనియన్ సైనికుడి సమాధి ఉంటుంది.