ఆదివారం పొద్దున్నే మెల్లగా నడిచే మా గ్యాంగ్: ఉప్పలపాడు, మూలపాడు, కొండవీడు ఎలా అనిపించాయంటే

నేను గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తాను. సీజన్లో, అంటే జనవరి నుంచి మే దాకా, మా ఆఫీసు గదిలో ఫ్యాన్ తిరిగితే చాలు ఘాటు గొంతులో దిగుతుంది, ఇంటికెళ్ళి తలస్నానం చేసినా చీర కొంగులో ఆ వాసన అలాగే ఉంటుంది. పోయినేడు సీజన్ అయ్యాక కూడా పొడిదగ్గు తగ్గలేదని డాక్టర్ దగ్గరికెళ్తే మందులు రాసి, పొద్దున పూట చెట్లున్న చోట కాసేపు నడవండమ్మా అన్నారు. సరే అని స్టేడియంలో ఒక పది రోజులు నడిచాను. అక్కడ అందరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రౌండ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్తుంటారు, రోజూ ఎదురుపడే మనిషైనా ముఖం చూసి నవ్వరు. నాకు నడక సరిపోయింది గానీ మనసుకి ఏదో వెలితిగానే ఉంది.

తర్వాత ఒకళ్ళు డబ్బులు తీసుకుని అడవిలో నడక అని తీసుకెళ్తున్నారంటే 900 కట్టి వెళ్ళాను. పేరు చెప్పను, ఎవరి పొట్టా కొట్టాలని కాదు కానీ అనుభవం మాత్రం చెప్తా. ఒక బస్సు నిండా నలభై మందికి పైనే, మైకులో కౌంటింగు, ముప్పావు గంటకోసారి గ్రూప్ ఫోటో, గంటన్నరలో 6 కిలోమీటర్లు అయిపోవాలని ఒకటే తొందర. భోజనం రెండున్నరకి వచ్చింది, అదీ చల్లారిపోయి. ఇంటికొచ్చి కూర్చున్నాక ఆలోచిస్తే ఒక్క చెట్టు పేరు తెలుసుకోలేదు, బస్సులో నా పక్క సీట్లో రోజంతా కూర్చున్న అమ్మాయి పేరు కూడా అడగలేదు. అప్పుడే అనుకున్నా, ఇంకోసారి ఇలా వెళ్ళకూడదని.

మా తోడికోడలు విజయవాడలో ఉంటుంది. "అక్కా, మా వాళ్ళు కొంతమంది ఆదివారాలు మెల్లగా నడుస్తారు, ఒక్కసారి రా, నచ్చకపోతే మానేద్దువుగాని" అని వాట్సాప్ గ్రూపులో కలిపింది. ఇది సంస్థా కాదు, ఫీజూ లేదు. బోటనీ లెక్చరర్‌గా రిటైరైన ఒక మాస్టారు ఉన్నారు, ఆయన చుట్టూ చేరిన మనుషులం అంతే. పద్ధతి చాలా సింపుల్. పన్నెండు మంది దాటకూడదు. మొత్తం నడక 2 కిలోమీటర్లకి మించదు, దానికే రెండు గంటలు పడుతుంది. మొదటి అరగంట ఎవరూ మాట్లాడకూడదు, ఫోన్ సంచిలో ఉండాలి. తర్వాత ఎక్కడైనా నీడన గుండ్రంగా కూర్చుని, ఆ అరగంటలో చూసిందో విన్నదో ఒక్కటి చెప్పాలి. ఏమీ లేకపోతే లేదని చెప్పొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ తర్వాత ఎవరు తెచ్చిన టిఫిన్ వాళ్ళు విప్పడం, పంచుకోవడం.

మాస్టారు మొదటిరోజే చెప్పారు, జపాన్‌లో 1982లో ప్రభుత్వమే జనాన్ని అడవుల్లోకి రమ్మని పిలుస్తూ షిన్‌రిన్ యోకు అని పేరు పెట్టిందట, అంటే అడవి స్నానం. నీళ్ళు అక్కర్లేదు, గాలీ ఆకుల వాసనా చప్పుడూ ఒంటికి తగిలేలా నెమ్మదిగా ఉండటమే స్నానం. నాకు ఆ మాట బాగా పట్టుకుంది.

ఇప్పటికి ఏడు నెలలైంది. ఏ చోటు ఎలా ఉందో నాకనిపించింది రాస్తున్నా, మీలో ఎవరైనా ఇలా ఒక గ్యాంగ్ కడదామనుకుంటే పనికొస్తుందని.

ముందు ఉప్పలపాడు. గుంటూరు వాళ్ళకి ఇది పక్కూరే, పెదకాకాని మండలం, బండి మీద ఇరవై నిమిషాలు. ఇక్కడ నడక కన్నా కూర్చోవడమే ఎక్కువ. ఊరి చెరువు, అందులో తుమ్మ చెట్లు, ఆ చెట్ల నిండా పక్షులు. ఆరింటికల్లా చేరితే ముందు రెట్టల వాసన కొడుతుంది, నిజమే, మొదటిసారి నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నా, పది నిమిషాలకి అలవాటైపోతుంది. చలికాలంలో వెళ్ళండి, గూళ్ళు, పిల్లలు కనిపించేది అప్పుడే. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు అన్నీ ఒకే చెట్టు మీద అంతస్తులు అంతస్తులుగా ఉంటాయి.

నేను ఎక్కువసేపు చూసింది ఒక గూడబాతు గూడు. పిల్లకి ఆకలేస్తే తల్లి ముక్కు కింద వేలాడే సంచిలోకి తల పెట్టేస్తుంది, తల ఒక్కటే కాదు మెడ సగం దాకా లోపలికే, బయట తోక ఊగుతూ ఉంటుంది, చూసేవాళ్ళకి భయమేస్తుంది ఊపిరాడుతుందా అని, తల్లి మాత్రం కళ్ళు సగం మూసి కదలకుండా నిలబడుతుంది. నత్తగుల్ల కొంగ ముక్కు చూశారా, నోరు మూసినా మధ్యలో సందు ఉంటుంది. ఆ సందు పుట్టుకతో రాదట, పిల్లలకి ఉండదు, పెద్దయ్యాకే వస్తుందని మాస్టారు చెప్పారు. ఇంకో సంగతి, ఎర్రకాళ్ళ కొంగల్లో పెద్దవి అసలు అరవవు, గూటి దగ్గర ముక్కులు టకటకా కొడతాయి, మనకి వినిపించే గోలంతా పిల్లలదే.

మా గ్యాంగులో సింగ్‌నగర్ నుంచి వచ్చే పిన్ని ఒకావిడ ఉన్నారు. మొదటి రెండుసార్లు ఆవిడ చెరువుకి వీపు పెట్టి, ఊరి వైపు తిరిగి కూర్చున్నారు. ఏం చూశారు అంటే ఏం లేదమ్మా అనేవారు. మూడోసారి ఆవిడ వంతు వచ్చినప్పుడు, "ఆ పిల్ల వాళ్ళమ్మ గొంతులోకి దూరిపోయింది, చూశారా" అన్నారు. అప్పుడు మొదలుపెట్టారు. 2024 సెప్టెంబర్లో బుడమేరు నీళ్ళు ఇంట్లోకొచ్చినప్పుడు నాలుగు రోజులు డాబా మీదే ఉన్నారట, కింద బీరువా, కుట్టుమిషను, కూతురి పెళ్ళికని దాచిన పట్టుచీరలు అన్నీ బురదలో. "అందరిళ్ళూ మునిగాయి కదా, నా ఒక్కదానిదేనా అని ఎవరికీ చెప్పలేదు, నిలవనీళ్ళు కనపడితే మాత్రం గుండె దడ" అన్నారు. ఎవరూ ధైర్యం చెప్పలేదు, సలహా ఇవ్వలేదు. మా తోడికోడలు ఫ్లాస్కులోంచి కాఫీ పోసి చేతికిచ్చింది. ఆవిడ తాగి, ఈసారి చెరువు వైపు తిరిగి కూర్చున్నారు.

అందుకే ఉప్పలపాడుకి నా ఓటు. కొత్తవాళ్ళని, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని, పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఇంతకన్నా మంచి చోటు ఈ చుట్టుపక్కల నాకు తెలీదు. టిఫిన్, మంచినీళ్ళు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. ముదురు రంగు బట్టలు కట్టుకోండి, గట్టిగా పిలుచుకోకండి. ఊరివాళ్ళు ఆ పక్షుల్ని సొంత మనుషుల్లా చూసుకుంటారు, మనం అరిస్తే ముందు వాళ్ళకే బాధ.

నడకకి మాత్రం మూలపాడే. విజయవాడ నుంచి హైదరాబాద్ హైవే మీద ఇబ్రహీంపట్నం దాటాక వస్తుంది, కొండపల్లి రిజర్వ్ ఫారెస్ట్‌లో సీతాకోకచిలుకల పార్కు. వానలు పడ్డాక వెళ్ళాలి, ఆగస్టు చివర నుంచి డిసెంబర్ దాకా బాగుంటుంది. ఎండాకాలం వెళ్తే ఎండిపోయిన పుల్లలు, రాళ్ళు తప్ప ఏం ఉండదు, ఎవరైనా ఏప్రిల్‌లో ప్లాన్ చేస్తే ఆపండి. ఇంకో మాట, మరీ పొద్దున్నే పరిగెత్తక్కర్లేదు, సీతాకోకచిలుకలు ఎండ తగిలి రెక్కలు వేడెక్కితే గానీ ఎగరవు, ఎనిమిది, ఎనిమిదిన్నర మంచి టైము.

అక్కడ నా మణికట్టు మీద ఒకటి వాలింది. నల్లటి రెక్కల మీద లేత నీలం గీతలు. చెమట పట్టి ఉంది కదా, అందులో ఉప్పు కోసమట, దారం లాంటి నాలిక చుట్ట విప్పి చర్మం మీద తడుముతూ ఉంది, చీమ పాకినంత కూడా తెలీదు. నేను చెయ్యి దించకుండా ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు, మా వాళ్ళందరూ నా కోసం ఆగిపోయారు, ఒక్కరు కూడా పదండి అనలేదు. ఆ 900 రూపాయల ట్రిప్పులో అయితే విజిల్ ఊదేవాళ్ళు.

మాస్టారు జిల్లేడు ఆకు తిప్పి చూపించారు, కింద తెలుపు, నలుపు, పసుపు చారల పురుగు. ఆ పాలు మనకి విషం, దానికి అన్నం. మన పెరట్లో కరివేపాకు చెట్టు మీద పక్షి రెట్టలా కనపడే పురుగుని చూసి మందు కొట్టేస్తాం కదా, అది కూడా సీతాకోకచిలుక పిల్లేనట. ఆరోజు నుంచి మా ఇంటి కరివేపాకులో రెండు రెమ్మలు వాటికి వదిలేస్తున్నా.

ఇంకొకటి, తెల్ల పొణికి చెట్టు. కొండపల్లి బొమ్మలు దీనితోనే చేస్తారు. మా అమ్మ సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టే దశావతారాలు చిన్నప్పటి నుంచి చేత్తో పట్టుకుంటున్నా, ఎందుకంత తేలికో ఎప్పుడూ అడగలేదు. కింద పడిన ఎండు కొమ్మ ఒకటి మాస్టారు చేతిలో పెట్టారు, చూస్తే చెయ్యంత లావు ఉంది, బరువే లేదు. ఆ చెక్కని ఆరబెట్టి చెక్కి, ముక్కల్ని చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారట. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాను, మామూలుగా మా ఇద్దరి మాటలు బీపీ మాత్రలు వేసుకున్నావా దగ్గరే ఆగిపోతాయి.

కొమ్మలు, ఆకులు ఏవీ బయటికి తీసుకురాకండి, అది రిజర్వ్ ఫారెస్ట్. దారి విడిచి లోపలికెళ్ళకండి. ఫుల్ హ్యాండ్స్, బూట్లు తప్పనిసరి, వానల తర్వాత పాములుంటాయి.

కొండవీడు సంగతి వేరు. రెడ్డిరాజుల కోట, శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న రాజ్యం, ఇప్పుడు పల్నాడు జిల్లాలోకి వెళ్ళింది. పైదాకా ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి కార్లో కూడా ఎక్కేయొచ్చు. పైన చెరువులు, బురుజులు, గాలి, సీజన్లో సీతాఫలాలు, అన్నీ బాగుంటాయి. కానీ మా మౌనం అరగంట అక్కడ కుదర్లేదు, ఆదివారం ఫ్యామిలీలు, బైకుల మీద కుర్రాళ్ళు బాగా వస్తారు, అది వాళ్ళ తప్పేం కాదు, కోట అంటే అందరికీ సరదానే. అక్కడ మేం కబుర్లు పెట్టుకున్నాం. ఒకాయన తన ఉద్యోగం కష్టాలు మొదలుపెడితే కొండవీటి చాంతాడంత సాగింది, అందరం విన్నాం, వినాల్సిన మాటలే. ఫ్రెండ్స్‌తో నవ్వుకుంటూ తిరగడానికి కొండవీడు, మనసు కుదుట పరుచుకోవడానికి కాదు. మామూలు రోజు వెళ్ళగలిగితే నా మాట మారొచ్చు. తొమ్మిది దాటితే రాళ్ళు వేడెక్కిపోతాయి.

గాంధీ కొండ కూడా ఒకసారి ఎక్కాం, విజయవాడ రైల్వే స్టేషన్ దగ్గరే. 1968లో కట్టిన 52 అడుగుల స్తూపం దగ్గర నిలబడితే ఊరంతా కాళ్ళ కిందే కనపడుతుంది. చెట్ల కోసం అని కాదు, దూరం వెళ్ళలేని వారాలకి ఓకే.

స్టే ఒక్కసారే ట్రై చేశాం. కృష్ణ ఒడ్డున ఒక రిసార్టు, మనిషికి 1,800 పడింది. రాత్రి నది చప్పుడు వింటూ పడుకుందాం అనుకున్నాం, పక్క లాన్‌లో బర్త్‌డే పార్టీకి పన్నెండున్నర దాకా డీజే. రిసెప్షన్‌లో చెప్తే చూస్తామండి అన్నారు, చూడలేదు. వేణ్ణీళ్ళు పొద్దున రాలేదు. భోజనం మాత్రం బాగుంది, గోంగూర రొయ్యలు మళ్ళీ అడిగి వేయించుకున్నాం, వడ్డించిన అమ్మాయి ఎంతో ఓపిగ్గా పెట్టింది. కానీ ఇలాంటి నడకలకి స్టే అక్కర్లేదని తేలిపోయింది. గుంటూరు, విజయవాడ మధ్య 35 కిలోమీటర్లే, ఎవరింట్లోనైనా రాత్రికి చాపలు వేసుకుంటే సరిపోతుంది. మూలపాడుకి వెళ్ళే ముందు రోజు మేం మా తోడికోడలు ఇంట్లోనే పడుకుంటాం, అర్ధరాత్రి దాకా పచ్చళ్ళ గురించి మాట్లాడుకుంటాం.

ఖర్చు చెప్పాలంటే ఉప్పలపాడుకి ఆటో పంచుకుంటే మనిషికి వంద లోపే, మూలపాడుకి వ్యాన్ మాట్లాడితే 350 దాకా అవుతోంది. డ్రైవర్‌ని కూడా మాతో నడవమంటాం. మా వ్యాన్ అబ్బాయి మొదట బండిలోనే పడుకునేవాడు, ఇప్పుడు గుండ్రంలో అతని వంతు కూడా ఉంది, పోయినసారి ఉడత గూడు కనిపెట్టింది అతనే.

దగ్గు పూర్తిగా పోయిందని చెప్పను, మందులు వాడుతున్నా, సీజన్ వస్తే మళ్ళీ ఎలా ఉంటుందో చూడాలి. నిద్ర మాత్రం బాగా పడుతోంది.

వచ్చే ఆదివారం మళ్ళీ ఉప్పలపాడే. సింగ్‌నగర్ పిన్ని గారు ఈసారి వాళ్ళ అమ్మాయిని కూడా తెస్తున్నానన్నారు, పునుగులు కూడా తనే చేసి తెస్తారట, అల్లం చట్నీ నా వంతు.