జావా ఫుల్‌స్టాకా, డేటా సైన్సా, టెస్టింగా: ఫ్రెషర్‌కి ఏది మేలు?

బీటెక్ అయ్యాక అమీర్‌పేట మైత్రీవనం దగ్గర బస్సు దిగితే చాలు, ఎటు చూసినా కోర్సుల ఫ్లెక్సీలే. ఫీజు కట్టేముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: అనుభవం లేనివాణ్ణి ఏ పనికి తీసుకుంటారు?

ఫ్లెక్సీ మీద బాగా మెరిసేది డేటా సైన్స్. కానీ డేటా చూసి అంచనాలు వేసే మోడల్స్ తయారుచేసే ఉద్యోగాలకు చాలాచోట్ల ఎంటెక్, పీహెచ్‌డీ, లేదంటే ఆ పనిలో అనుభవం అడుగుతారు. స్టాటిస్టిక్స్ అంటే ఇష్టముంటే సరే. లేకపోతే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి సమాచారం అడిగే భాష), ఎక్సెల్, పవర్ బీఐ (డేటాని చార్టులుగా చూపే టూల్) నేర్చుకుని డేటా అనలిస్ట్‌గా చేరడం నయం. బీకామ్, బీఎస్సీ వాళ్లకీ ఈ దారి నప్పుతుంది.

ఫుల్‌స్టాక్ అంటే వెబ్‌సైట్‌లో కనిపించే భాగం, వెనక నడిచే భాగం రెండూ రాయడం. అందుకు వాడే జావా భాష 1995లో వచ్చింది, పాతబడిపోయిందంటారు. బ్యాంకుల్లో, ఇన్సూరెన్స్ కంపెనీల్లో నడుస్తున్న కోడ్‌కి ఆ మాట ఎవరూ చెప్పలేదనుకుంటా! పోటీ మాత్రం విపరీతం. చాట్‌జీపీటీ 2022 చివర్లో వచ్చాక మామూలు కోడ్ ఎవరైనా రాయించుకోగలరు, అందుకే ఇంటర్వ్యూలో లోతు చూస్తారు. జావాలో రెండు వస్తువులు ఒకటేనా అని తేల్చే ఈక్వల్స్ మెథడ్ మార్చి, వస్తువు ఏ అరలోకి వెళ్లాలో చెప్పే హ్యాష్‌కోడ్ వదిలేస్తే, అలా అరల్లో దాచే హ్యాష్‌మ్యాప్‌లో ఏమవుతుంది? పెట్టిన వస్తువు మళ్లీ వెతికితే దొరక్కపోవచ్చు. ఎందుకో చెప్పగలిగినవాడికి స్ప్రింగ్ బూట్ (జావా అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) నేర్పడం కంపెనీకి పెద్ద పని కాదు.

‘కోడింగ్ రాదా, టెస్టింగ్‌కి వెళ్లు’ అనే సలహాకి కాలం చెల్లింది. టెస్టింగ్‌ని ఆటోమేట్ చేసే సెలీనియం, ప్లేరైట్ టూల్స్‌లో ఏదైనా కోడ్ రాయాల్సిందే. ఒట్టి మాన్యువల్ టెస్టింగ్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఫ్లెక్సీల మీద చిన్న అక్షరాల్లో ఉండే ఎస్‌క్యూఎల్ మాత్రం మూడింటికీ కావాలి. కస్టమర్ల టేబుల్, ఆర్డర్ల టేబుల్ ఇచ్చి, ఈ ఏడాది ఒక్క ఆర్డరూ పెట్టనివాళ్లని చూపించమంటారు. లెఫ్ట్ జాయిన్ (ఆర్డర్ లేకపోయినా కస్టమర్లందరినీ ఉంచి రెండు టేబుళ్లని కలపడం) అని చాలామంది టక్కున చెప్పేస్తారు. ఈ ఏడాది అనే షరతుని టేబుళ్లని కలిపే ‘ఆన్’లో పెట్టకుండా, కలిపాక వడపోసే ‘వేర్’లో పెడితే పని చెడినట్టే. ఆర్డర్ లేనివాళ్ల తేదీ నల్ (ఖాళీ) కాబట్టి వాళ్లు జాబితాలోంచి ఎగిరిపోతారు. మనకి కావాల్సింది వాళ్లే కదా! ఇలాంటివి సొంతంగా రాసి, తప్పెక్కడో పట్టుకున్నవాడికి ఏ కోర్సు చేసినా ఓ మెట్టు ముందే.

నన్నడిగితే, కంప్యూటర్స్ చదివినవాళ్లకి జావా, ఎస్‌క్యూఎల్, గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే టూల్) కలిపి ఆరు నెలలు కూర్చోవడం మేలు. ఖాళీలు ఎక్కువ, తర్వాత డేటా ఇంజినీరింగ్ వైపు మళ్లాలన్నా ఈ పునాది పనికొస్తుంది. మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనే ఇన్‌స్టిట్యూట్ ఎదురైతే మాత్రం డెమో క్లాస్ కూడా వినొద్దు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ ఖాతా చరిత్ర చూస్తే ఏ కంపెనీలో ఎన్నాళ్లు చేశారో తెలిసిపోతుంది.